మన చావు వాళ్ళ కథకు ముడిసరుకా?

మా బడిలో అయిదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పట్నంలో డిప్లొమా చేస్తున్న కుర్రాడొకడు సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చాడు. వాడి దగ్గర ఎవరో వాడి అమ్మేసిన ల్యాప్‌టాప్ ఒకటుంది. రాత్రిళ్ళు కరెంటు ఉన్నంతసేపు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వీడియో గేమ్ ఆడుతున్నాడు. "సారూ, నువ్వయినా చెప్పు. అన్నం కూడా మానేసి ఎవర్నో కాలుస్తున్నాడు" అని వాళ్ళమ్మ నా దగ్గర మొరపెట్టుకుంది. తిడదామని వెళ్ళినవాణ్ణి, నాలుగు రాత్రులు వాడి పక్కనే కూర్చున్నాను.

నేను వెళ్ళేసరికి తెర మీద అమెరికా ఆదివాసుల బొమ్మలున్నాయి. కోపంగా చూసే ముఖాలు, చేతుల్లో ఆయుధాలు. వాటి చుట్టూ వాళ్ళని చంపిన సైనికుల గొప్పతనం చెప్పే గొంతు.

"వీళ్ళెవర్రా?" అన్నాను.

"బొమ్మలు సార్. విలన్ కట్టించిన మ్యూజియం ఇది."

"మరి బతికున్నవాళ్ళు ఎప్పుడొస్తారు?"

వాడు ఆ ఆటను అంతకుముందే ఒకసారి చివరిదాకా ఆడినవాడు. కాసేపు ఆలోచించి, "రారు సార్" అన్నాడు.

ఈ వ్యాసం ఆ "రారు సార్" అన్న మాట గురించి.

ఆ ఆట పేరు బయోషాక్ ఇన్ఫినిట్. 2013 మార్చిలో విడుదలైంది. అమెరికాలోని ఇర్రేషనల్ గేమ్స్ అనే సంస్థ తయారు చేసింది. దాని వెనక ఉన్న ముఖ్య రచయిత, దర్శకుడు కెన్ లెవిన్. కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. కాల్చుకుంటూ పోయే మామూలు ఆటల్లా కాకుండా మంచి కథ ఉన్న ఆటగా, చరిత్ర గురించి ధైర్యంగా మాట్లాడిన ఆటగా దానికి పేరొచ్చింది. కాబట్టి దాన్ని నేను పిల్లకాయల కాలక్షేపం అని కొట్టిపారెయ్యను. పెద్ద మాటలు మాట్లాడినవాళ్ళని పెద్ద ప్రశ్నలే అడగాలి.

కథ 1912లో జరుగుతుంది. కొలంబియా అని ఒక నగరం. అది నేల మీద ఉండదు, మబ్బుల్లో తేలుతుంటుంది. తెల్లటి భవనాలు, పూలతోటలు, చర్చి పాటలు. దాన్ని ఏలేవాడు కామ్‌స్టాక్ అనే ప్రవక్త. తెల్లజాతివాళ్ళే దేవుడి బిడ్డలని వాడి మతం. నల్లవాళ్ళు, ఐరిష్ కూలీలు, చైనావాళ్ళు కింద ఫ్యాక్టరీల్లో చాకిరీ చేస్తుంటారు. ఆ నగరానికి బుకర్ డెవిట్ అనే అప్పులపాలైన మాజీ సైనికుడు వస్తాడు. గోపురంలో బందీగా ఉన్న ఎలిజబెత్ అనే అమ్మాయిని తెచ్చి అప్పగిస్తే అతని అప్పు తీరిపోతుంది. అదీ ఒప్పందం.

ఇలాంటి ఆటల్ని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. అంటే హీరో మనకు కనపడడు. అతని కళ్ళే మన కళ్ళు. తెర కింది భాగంలో తుపాకీ పట్టుకున్న చేతులు మాత్రం కనిపిస్తాయి, అవి మన చేతులే అనిపిస్తాయి. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ చేతులు ఎవరివో తెలుసా? 1890లో ఊండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసుల్ని చంపిన ఏడో అశ్విక దళంలో సైనికుడివి. బుకర్ అప్పటికి పదహారేళ్ళవాడు. మా ఊరి కుర్రాడు, కోయ పిల్లవాడు, నాలుగు రాత్రులు ఆ చేతుల వెనక కూర్చున్నాడు. వాడి పక్కన నేను కూర్చున్నాను.

బుకర్ కల్పన. ఊండెడ్ నీ కల్పన కాదు. మన పాఠ్యపుస్తకాల్లో అది లేదు కాబట్టి ఇక్కడ చెప్పాలి.

1890 నాటికి అమెరికా మైదానాల్లోని లకోటాలని ప్రభుత్వం రిజర్వేషన్లలోకి నెట్టేసింది. అడవిదున్నల మందలు అంతమైపోయాయి, రేషన్ మీద బతుకు. అప్పుడు వాళ్ళలో ఒక నమ్మకం పాకింది. కలిసి నాట్యం చేస్తే చనిపోయిన పెద్దలు తిరిగొస్తారు, దున్నలు తిరిగొస్తాయి, పోయిన నేల తిరిగొస్తుంది అని. దాన్ని ఘోస్ట్ డాన్స్ అన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళు ఆడుతున్న ఆట చూసి ప్రభుత్వం తిరుగుబాటు అనుకుంది, సైన్యాన్ని దింపింది. డిసెంబరు 15న సిట్టింగ్ బుల్‌ని అరెస్టు చేయబోయి చంపేశారు. భయపడిన జనం కొందరు స్పాటెడ్ ఎల్క్ అనే పెద్దమనిషి వెంట పైన్ రిడ్జ్ వైపు నడిచారు. సైనికులు ఆయన్ని బిగ్ ఫుట్ అని పిలిచేవారు. ఆయనకి న్యుమోనియా. వెంట ఉన్న సుమారు 350 మందిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు.

డిసెంబరు 28న సైన్యం వాళ్ళని అడ్డగించి ఊండెడ్ నీ వాగు పక్కన గుడారాలు వేయించింది. ఆ పైనున్న గుట్ట మీద నాలుగు హాచ్‌కిస్ ఫిరంగులు పెట్టింది. 29 పొద్దున ఆయుధాలు లాక్కుంటుండగా ఎక్కడో ఒక తుపాకీ పేలింది. అంతే, గుట్ట మీద నుంచి ఫిరంగులు గుడారాల మీద కురిశాయి. పారిపోతున్న ఆడవాళ్ళని, పిల్లల్ని లోయ వెంట దూరం దాకా తరిమి చంపారు. 250 మందికి పైగా చనిపోయారు, 300 దాకా ఉంటారని కూడా అంటారు. తర్వాత మంచుతుఫాను వచ్చింది. అది తగ్గాక, బిగుసుకుపోయిన శవాలు 146 తెచ్చి ఒకే గోతిలో పూడ్చారు.

ఈ పని చేసినందుకు సుమారు 20 మంది సైనికులకు అమెరికా తన అత్యున్నత సైనిక పతకం ఇచ్చింది. వందేళ్ళ తర్వాత 1990లో అమెరికా పార్లమెంటు "తీవ్ర విచారం" ప్రకటించింది కానీ పతకాలు వెనక్కి తీసుకోలేదు. 2025 సెప్టెంబరులో ఆ దేశ రక్షణ మంత్రి, ఆ పతకాలు అలాగే ఉంటాయని మరోసారి తేల్చి చెప్పాడు.

ఇప్పుడు ఆటలోని ఆ మ్యూజియానికి వద్దాం. దాని పేరు వీరుల మందిరం. అందులో ఊండెడ్ నీ ఒక వీరగాథ, ఆదివాసులు క్రూరులు, కామ్‌స్టాక్ మహాయోధుడు. ఆట చేసినవాళ్ళు దీన్ని వెక్కిరింపుగానే పెట్టారు. రాజ్యం తన హత్యల్ని వీరత్వంగా ఎలా చెప్పుకుంటుందో చూపించాలనుకున్నారు. అది మంచిదే, ఒప్పుకుంటాను. ఆ పతకాల సంగతి తెలిస్తే అది వెక్కిరింపు కూడా కాదు, ఉన్నదున్నట్టు చెప్పడమే.

కానీ ఆ మందిరంలో గొడవ ఏమిటో చూడండి. స్లేట్ అనే ముసలి సైనికుడొకడు అక్కడ తిరగబడి ఉంటాడు. అతని కోపం దేని మీద? ఆ బొమ్మలు అబద్ధమని కాదు. చచ్చినవాళ్ళలో పసిపిల్లలున్నారని కాదు. ఊండెడ్ నీలో అసలు "పోరాడింది" తామైతే, అక్కడ లేని కామ్‌స్టాక్ ఆ పేరు కొట్టేశాడని. అంటే ఆ శవాల గుట్ట మీద ఎవరి పేరు రాయాలన్నదే తగాదా. హంతకులు ఇద్దరు కీర్తి కోసం కొట్టుకుంటుంటే హతులు గోడకి నిలబెట్టిన బొమ్మలై చూస్తుంటారు.

బుకర్‌కి ఆ కీర్తి వద్దు. అతనికి పశ్చాత్తాపం ఉంది. కథంతా ఆ పశ్చాత్తాపం చుట్టూనే తిరుగుతుంది. చివర్లో తెలిసే రహస్యం ఏమిటంటే బుకర్, కామ్‌స్టాక్ ఇద్దరూ ఒక్కడే. ఊండెడ్ నీ తర్వాత పాపం కడుక్కోవడానికి బుకర్ ఒక నది దగ్గర బాప్తిస్మానికి వెళతాడు. ఒక లోకంలో వద్దని వెనక్కి తిరిగి తాగుబోతు బుకర్‌గా మిగులుతాడు. ఇంకో లోకంలో నీళ్ళలో మునిగి లేచి, పాపం పోయిందని నమ్మి, కామ్‌స్టాక్ అనే కొత్త పేరుతో ప్రవక్త అవుతాడు. చేసిన హత్యని వీరత్వంగా మార్చుకుంటాడు.

ఆలోచించాల్సిన కథే ఇది. కడుక్కున్నంత మాత్రాన పాపం పోదని, సుళువుగా కడుక్కున్నవాడు మరింత ప్రమాదకారి అవుతాడని చెబుతుంది. నేను దాన్ని తీసిపారెయ్యడం లేదు. నా ఫిర్యాదు వేరు. క్షమాపణ ఎవరిని అడగాలి? నదినా, పాస్టర్‌నా, సొంత కూతురినా? కథ మొత్తంలో బుకర్ ఒక్క లకోటా మనిషి ముందు కూడా నిలబడడు. నిలబడడానికి అక్కడ ఎవరూ లేరు. పేరు, ముఖం, గొంతు ఉన్న లకోటా పాత్ర ఆ ఆటలో ఒక్కటీ కనపడదు. వాళ్ళ గురించి వేరేవాళ్ళు మాట్లాడతారు, అంతే.

ఒక రికార్డులో కామ్‌స్టాక్ తన యవ్వనం గురించి చెబుతాడు. నీ వంశంలో ఆదివాసీ రక్తం ఉన్నట్టుందే అని అతని సార్జెంటు అందరి ముందూ అన్నాడట. ఆ మాట చెరిపేసుకోవడానికి, మనుషులున్న గుడారాల్ని తగలబెట్టి తాను వాళ్ళలో ఒకడినని నిరూపించుకున్నాడట. ఇది విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. హాస్టల్లో, కాలేజీలో "నువ్వు వాళ్ళ పిల్లాడివా" అన్న ప్రశ్నకి తల దించుకుని, తన భాష దాచుకుని, చివరికి తనవాళ్ళనే వెక్కిరించే పిల్లల్ని నేను చూశాను. అది పెద్ద విషయం. ఒక ఆట మొత్తం దాని మీద కట్టొచ్చు. వీళ్ళు దాన్ని ఒక మూలన దొరికే రికార్డులో, వెతికినవాడికి దొరికితే దొరికినట్టు, అర నిమిషంలో చెప్పి వదిలేశారు. ఆకాశంలో పట్టాల మీద జారుతూ కాల్చుకునే సరదాకి మాత్రం గంటలు గంటలు ఇచ్చారు.

ఇక తలుపుల సంగతి. ఎలిజబెత్‌కి ఒక శక్తి ఉంది. గాలిని చీల్చి ఇంకో కాలంలోకి, ఇంకో లోకంలోకి తలుపు తెరవగలదు. పారిస్ వీధిలోకి తెరుస్తుంది. సముద్రం అడుగున ఉన్న నగరంలోకి తెరుస్తుంది. చివర్లో లెక్కలేనన్ని దీపస్తంభాలు, ఒక్కొక్క దానికి ఒక తలుపు, ఒక్కో తలుపు వెనక ఒక లోకం. ఆట పేరే ఇన్ఫినిట్, అంటే అనంతం. కామ్‌స్టాక్ అనేవాడే పుట్టకుండా చెయ్యాలంటే వాడు మొదలైన చోటికి వెళ్ళాలని అంటారు. వెళ్ళేది ఎక్కడికి? బాప్తిస్మం జరిగిన నది దగ్గరికి. అక్కడ బుకర్‌ని నీళ్ళలో ముంచి చంపడంతో కథ ముగుస్తుంది.

మా కుర్రాణ్ణి నేను అడిగాను: "నది దగ్గరికే ఎందుకురా? దానికంటే ముందు, డిసెంబరు 29 పొద్దుటికి వెళ్ళే తలుపు లేదా? కాల్పులు మొదలవక ముందు?"

వాడు లేదన్నాడు.

అంతులేని తలుపుల్లో ఆ ఒక్క తలుపు లేదు. ఎందుకు లేదంటే ఆ కథకి ఊండెడ్ నీ జరగకపోవడం అవసరం లేదు. జరగడమే అవసరం. అది జరిగితేనే హీరోకి బరువైన గతం ఉంటుంది, లోతు ఉంటుంది. ప్రపంచాలన్నీ మార్చొచ్చు కానీ మన చావు మాత్రం అన్ని ప్రపంచాల్లోనూ అలాగే ఉండాలి. ఇంటికి పునాదిరాయి కదపనట్టు దాన్ని కదపరు. ఇదే నేను ముడిసరుకు అంటున్నది. అడవిలో వెదురు పేపరు మిల్లుకి ముడిసరుకైనట్టు, మన చావు వాళ్ళ పశ్చాత్తాపానికి ముడిసరుకైంది. తయారైన సరుకు మీద వెదురు పేరు ఉండదు.

ఎలిజబెత్ విషయంలో ఇంకొకటి చెప్పాలి. ఆమె తండ్రి అప్పు కోసం అమ్మేసిన పసిబిడ్డ. పరాయివాడు తెచ్చి తన కూతురిగా గోపురంలో పెంచుతాడు. కాపలాకి యంత్రపు పక్షి ఉంటుంది. ఆమె మెడకి పెట్టుకునే పతకం మీద పిట్ట ఉండాలా, పంజరం ఉండాలా అని ఆటలో మనల్నే అడుగుతారు. ఈ ఎత్తుకొచ్చిన బిడ్డ కథకి ఆటగాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఊండెడ్ నీలో నిజంగానే ఒక బిడ్డని ఎత్తుకుపోయారు. కాల్పులు జరిగిన నాలుగో రోజున, మంచులో గడ్డకట్టిన తల్లి శవం కింద ఒక పసిపాప బతికి దొరికింది. ఆ పాపని లియోనార్డ్ కోల్బీ అనే సైన్యాధికారి తీసుకుపోయి పెంపకానికి పెట్టుకున్నాడు. ఆ పాప పేరు జింత్కలా నూని. అంటే తప్పిపోయిన పిట్ట అని అర్థం. తెల్లవాళ్ళ ఇంట్లో ఇమడలేక, తనవాళ్ళ మధ్యకి వెళ్తే వాళ్ళ భాష రాక, ఎక్కడికీ చెందకుండా బతికింది. వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల్లో పనిచేసింది. 1920లో ముప్ఫై ఏళ్ళన్నా నిండకుండా కాలిఫోర్నియాలో చనిపోయింది. 1991లో ఆమె అస్థికల్ని లకోటాలు తిరిగి తెచ్చుకుని, ఊండెడ్ నీలో ఆ సామూహిక సమాధి పక్కన పాతిపెట్టారు.

ఇంత కథ ఆ నేలలోనే ఉంది. ఎత్తుకుపోయిన బిడ్డ, పరాయి తండ్రి, పిట్ట పేరు, అన్నీ ఉన్నాయి. అయినా తలుపులు తెరిచే అమ్మాయిగా ఒక నీలికళ్ళ తెల్లపిల్లని ఊహించుకున్నారు. అదే బిడ్డ లకోటా బిడ్డ అయ్యుంటే, ఆమె తెరిచే మొదటి తలుపు ఏదో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మూడో ఫిర్యాదు తిరుగుబాటు గురించి. కొలంబియాలో చాకిరీ చేసేవాళ్ళ తరఫున లేచిన నాయకురాలు డెయిజీ ఫిట్జ్‌రాయ్. నల్లజాతి స్త్రీ. ప్రవక్త ఇంట్లో పనిమనిషిగా ఉండి, చెయ్యని హత్య నెత్తిన పడి పారిపోయి, దళం కట్టింది. ఆమె గెలుస్తున్న కొద్దీ ఆట ఆమెని రాక్షసిగా మారుస్తుంది. యజమానిని చంపి ఆ రక్తం ముఖానికి పూసుకుంటుంది, ఒక చిన్నపిల్లవాడి మీద తుపాకీ పెడుతుంది. ఎలిజబెత్ వెనక నుంచి కత్తెరతో పొడిచి ఆమెని చంపుతుంది. కామ్‌స్టాక్‌కీ ఆమెకీ పేరులో తప్ప తేడా లేదని హీరోతో అనిపిస్తారు. దీనిమీద విమర్శలు వచ్చాయి. మరుసటి ఏడాది, 2014లో వచ్చిన అనుబంధ భాగంలో, ఆమె కావాలని అలా చెయ్యలేదు, ఎలిజబెత్ ఎదగడానికి ఆమెని బలి కమ్మని వేరే ఇద్దరు తెల్లవాళ్ళు చెప్పారు అని సర్దారు. సర్దుబాటు మొదటి తప్పు కంటే ఘోరం. నల్లజాతి నాయకురాలు తన ప్రజల కోసం కాకుండా తెల్లపిల్ల పాఠం నేర్చుకోవడం కోసం చచ్చిపోయిందట.

"రెండు వైపులా హింసే" అన్న ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్ళు 13 మంది. ఊళ్ళ లెక్క అంతకంటే చాలా ఎక్కువ. లెక్కే తేలని చోట "రెండు వైపులా" అనేవాడు ఏ వైపు నిలబడ్డాడో వేరే చెప్పక్కర్లేదు.

పులి-మేక ఆట మనందరికీ తెలుసు. బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడతాం. అందులో పులులు తక్కువ, మేకలు ఎక్కువ. పులి దూకి మేకని తినొచ్చు, మేకలు కూడబలుక్కుని పులిని కట్టెయ్యొచ్చు. మేక వైపు కూర్చున్నవాడికి కూడా ఎత్తు వేసే వంతు వస్తుంది. కోట్లు పోసి తీసిన ఈ ఆటలో మేకలకి వంతే లేదు. పులి తిన్న మేకల్ని తలుచుకుని పులి ఏడవడమే ఆట.

నా మాటకి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒకటి, ఇది హంతకుడి మనసు గురించిన కథ, హతుల గురించి కాదు అంటారు. సరే. హంతకుడి మనసులో అతను చంపిన మనిషి ముఖం ఒక్కటన్నా ఉండదా? రెండు, ఈ ఆట వల్లే కదా ఊండెడ్ నీ పేరు లక్షలమందికి తెలిసింది అంటారు. నిజమే. నాకు ఆ పేరు ఎప్పుడో చదివి తెలుసు కానీ, మా కుర్రాడికి ఈ ఆట వల్లే తెలిసింది. కానీ వాడికి ఏం తెలిసింది? బుకర్ అనే ఒకడు అక్కడ బాధపడ్డాడని తెలిసింది. స్పాటెడ్ ఎల్క్ పేరు తెలియలేదు. లకోటా అన్న మాటే తెలియలేదు, "రెడ్ ఇండియన్లు" అన్నాడు. కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరు అది. ఆ కొలంబస్ పేరునే నగరానికి పెట్టుకున్న ఆట, ఆ పేరుకి బలైనవాళ్ళ అసలు పేరు పిల్లవాడికి నేర్పలేకపోయింది. మూడు, అప్పటి అమెరికాలో ఆదివాసుల మాట ఎవరు విన్నారు, కథ కాలానికి తగ్గట్టే ఉంది అంటారు. దీనికి మాత్రం గట్టి జవాబు ఉంది.

ఆట కథ ప్రకారం కొలంబియా నగరాన్ని 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో లోకానికి చూపించారు. ఆ ప్రదర్శన నిజంగా జరిగింది. కొలంబస్ వచ్చి 400 ఏళ్ళయిందన్న పండగ అది. తెల్లటి భవనాలు కట్టి శ్వేతనగరం అన్నారు. ఆదివాసుల్ని తెచ్చి అక్కడ కాపురం పెట్టించి జనానికి చూపించారు. ఆ ప్రదర్శనకే సైమన్ పొకాగన్ అనే పొటావటోమి ఆదివాసీ వచ్చాడు. షికాగో ఉన్న నేల వాళ్ళదే. ఆయన భూర్జపత్రం మీద, అంటే చెట్టు బెరడు మీద, ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి అక్కడే జనానికి అందించాడు. ఈ పండగలో మేం సంతోషించడానికి ఏమీ లేదని, ఇది మా చావు మీద జరుగుతున్న పండగ అని అందులో అర్థమయ్యేలా చెప్పాడు. తెల్లవాళ్ళ ఇంగ్లీషులోనే చెప్పాడు.

మిత్రులారా, ఈ పుస్తకం చేతిలో పట్టుకున్న మీరు ఒక్క క్షణం ఆగండి. 130 ఏళ్ళ కిందట ఒక ఆదివాసీ, తన నేల మీద కట్టిన నగరంలో, చెట్టు బెరడు మీద వ్యాసం అచ్చు వేయించాడు. మనం ఇప్పుడు చేస్తున్నది ఆయన పనే. ఆ కాలంలో మాట్లాడిన గొంతు ఉంది. ఆట తయారు చేసినవాళ్ళు ఆ ప్రదర్శన నుంచి భవనాలు తీసుకున్నారు, జెండాలు తీసుకున్నారు, పేరు తీసుకున్నారు. ఆ చిన్న పుస్తకాన్ని మాత్రం వదిలేశారు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళు మన సినిమాలు చూడండి. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ కూడా ఒక గోండు పిల్లని దొరలు ఎత్తుకుపోవడంతోనే మొదలవుతుంది. చివర్లో భీం చదువు కావాలని రాముణ్ణి అడుగుతాడు. జల్ జంగల్ జమీన్ అన్న మాటని రాముడి చేత రాయిస్తారు. ఆ మాట ఎవరిదో జోడేఘాట్ గుట్టల్ని అడిగినా చెబుతాయి. కొమురం భీం చదవడం, రాయడం నేర్చుకున్నవాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్పారు. ఎవరి నినాదం, ఎవరి చేతిరాత? మన్యం పితూరీ పాఠం చెప్పేటప్పుడు మనలో ఎంతమందిమి గాం గంటం దొర, మల్లు దొర పేర్లు బోర్డు మీద రాస్తున్నాం? ఉపాధ్యాయులుగా ఈ ప్రశ్న మొదట మనకే.

వేరేగా చెయ్యడం కుదరదా అంటే, చేసినవాళ్ళున్నారు. 2014లో నెవర్ అలోన్ అనే ఆట వచ్చింది. అలాస్కాలోని ఇనుపియాత్ ఆదివాసుల పెద్దలు, కథకులు కూర్చుని తయారు చేయించిన ఆట. ఒక చిన్నపిల్ల, ఒక తెల్లనక్క, మంచుతుఫాను. కథ చెప్పే గొంతు వాళ్ళ భాషలోనే వినిపిస్తుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో నడుస్తుంది. అక్కడి ఆదివాసుల సేవా సంస్థే అందులో డబ్బు పెట్టింది. 2019లో వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్ అనే ఇంకో ఆట వచ్చింది. నేల పోగొట్టుకుని పడమటికి నడిచే అనిషినాబే మనిషి కళ్ళతో సాగుతుంది. ఎందరో ఆదివాసీ రచయితలు కలిసి రాశారు. అందులో కళ్ళు మారాయి. కళ్ళు మారితే కథ మారింది.

ఊండెడ్ నీ నేల సంగతి కూడా చెప్పి తీరాలి. అది చాలాకాలం బయటివాళ్ళ చేతిలోనే ఉంది. 2022లో అక్కడి రెండు లకోటా తెగల ప్రభుత్వాలు కలిసి ఆ చోట 40 ఎకరాలు డబ్బు పోసి కొనుక్కున్నాయి. తమ తాతల సమాధి చుట్టూ ఉన్న నేలని తామే కొనుక్కోవలసి వచ్చింది. 1/70 చట్టం ఉండి కూడా చేతులు మారిన భూముల కథ తెలిసిన మనకి దాని అర్థం విప్పి చెప్పక్కర్లేదు. ఆటలో బొమ్మలుగా నిలబడినవాళ్ళు బయట బతికే ఉన్నారు, భూమి పత్రాల మీద సంతకాలు పెడుతున్నారు. "రారు సార్" అన్న మాట ఆట విషయంలోనే నిజం.

తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను ఆడొద్దని చెప్పను. చెప్పినా మీరు వినరు, వినక్కర్లేదు కూడా. ఆడండి. కానీ ఏ ఆట ఆడినా, ఏ సినిమా చూసినా మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. ఇందులో కళ్ళు ఎవరివి? పేరున్నవాళ్ళు ఎవరు, పేరు లేకుండా చచ్చేవాళ్ళు ఎవరు? చివరికి ఎవరి బాధ తీరింది? ఈ మూడింటికీ జవాబులు రాస్తే ఆట తయారు చేసినవాడు ఎక్కడ నిలబడి చేశాడో తెలిసిపోతుంది.

తోటి ఉపాధ్యాయులకి ఒక మాట. సెల్‌ఫోన్ చేతిలో చూడగానే లాక్కోవడం సులువు. నేనూ చాలాసార్లు అదే చేశాను. పక్కన కూర్చోవడం కష్టం, కానీ పిల్లలకి నేను పాఠం చెప్పగలిగింది పక్కన కూర్చున్నప్పుడే. ఒక పీరియడ్ ఇవ్వండి. నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీసి, మీ ఊరి కథతో ఒక ఆట తయారు చెయ్యమనండి. కంప్యూటర్ అక్కర్లేదు, చింతగింజలు, గవ్వలు చాలు. ఎత్తు ఎవరిదో వాళ్ళనే తేల్చుకోమనండి. పిల్లలు తమ భాషలో ఆ ఆట నియమాలు చెప్పుకుంటే దాన్ని రాసి పెట్టండి.

మా కుర్రాడు సెలవులైపోయి వెళ్ళేముందు ఇంటికొచ్చాడు. జింత్కలా నూని కథ వాడికి నేనే చెప్పాను. ఆ పేరు ఎలా రాయాలో తెలుగులో కాగితం మీద రాయించుకున్నాడు. "సార్, ఆ పాప తలుపు తెరిచే ఆట నేను కోడ్ రాయడం నేర్చుకుని చేస్తే?" అన్నాడు.

"దానికంటే ముందు మన ఊళ్ళో తప్పిపోయిన పిట్టల లెక్క తియ్యి" అన్నాను. వాడు వాళ్ళ నాయనమ్మ దగ్గర మొదలుపెడతానన్నాడు.